ఉమ్మేస్తే ముప్పే!

పన్ను తీయించుకోవాలంటే చాలామందికి వణుకు. పై పన్ను తీస్తే చూపు తగ్గుతుందన్న భయం కొందరిది. అది అపోహే. పంటికీ చూపుకీ సంబంధం లేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి తెలియదు, లాగుతున్నట్టు ఒత్తిడి మాత్రం తెలుస్తుంది. మత్తు వదిలేదాకా పెదవి, బుగ్గ కొరుక్కోకుండా చూసుకోవాలి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

అసలు జాగ్రత్త ఇంటికొచ్చాకే. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. లోపలి ఎముకకు అదే కవచం. ఎర్రగా కనిపిస్తోందని మాటిమాటికీ ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో తాగినా, సిగరెట్ కాల్చినా ఆ గడ్డ ఊడిపోవచ్చు. అప్పుడు రెండు మూడు రోజులకు చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది.

అందుకే డాక్టర్ పెట్టిన గాజుగుడ్డను అరగంటపాటు కొరికిపట్టాలి. ఊరిన ఉమ్మి మింగేయాలి. మొదటిరోజు పెరుగన్నం, చల్లారిన జావ మేలు. 24 గంటలు దాటాకే గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించాలి.

బీపీ, షుగర్ ఉన్నా, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఆ మాత్రలు సొంతంగా మానేయకూడదు. రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, మూడోరోజు తర్వాత నొప్పి, వాపు పెరిగినా వెంటనే డాక్టర్‌ను కలవాలి.