ఎమ్మెల్యే గారి స్టేటస్ చూశారా?

పోయిన జులైలో ఒక బుధవారం రాత్రి పదకొండింటికి మా తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే మా చిన్నాయిన కొడుకు. ఆ టైంలో ఊరి నుంచి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఇల్లు వదిలి సిటీలో బతికే వాళ్లందరికీ తెలుసు. ఎత్తేలోపే నాలుగు రకాల చెడు ఆలోచనలు వచ్చేస్తాయి.

"అన్నా, వాగొచ్చింది. నీళ్లు రోడ్డు మీదికెళ్లి పోతున్నయ్. రేపు పొద్దున బాపును దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె?"

మా చిన్నాయినకు వారానికి రెండుసార్లు డయాలసిస్. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. ఊరి నుంచి టౌన్‌కి 14 కిలోమీటర్లు. మధ్యలో వాగు, దాని మీద ఎప్పుడో కట్టిన లో లెవెల్ వంతెన. గట్టిగా రెండు రోజులు వాన పడితే నీళ్లు దాని మీదుగా పారతాయి. అప్పుడు చుట్టూ తిరిగి వెళ్లాలి, దగ్గర దగ్గర 45 కిలోమీటర్లు.

డయాలసిస్ అంటే "ఈ వారం కాకపోతే వచ్చే వారం" అనుకునేది కాదు. ఒక్కసారి మిస్సయినా ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, ఊపిరి ఆడదు. ఆ గురువారం తెల్లారుజామున నాలుగింటికి ఆటో మాట్లాడుకుని చుట్టూ తిరిగి వెళ్లారు. చిన్నాయిన క్షేమంగా ఇంటికొచ్చాడు. వచ్చి నాకు ఫోన్ చేసి ఒకే మాట అన్నాడు.

"బిడ్డా, నువ్వు హైదరాబాద్ల ఉంటవ్ గదా. ఎమ్మెల్యే సారుకు జర చెప్పరాదు?"

ఈ కాలమ్‌లో మనం ఎప్పుడూ యాప్‌లు, జీతాలు, మేనేజర్ల గురించి మాట్లాడుకుంటాం. ఈ వారం మా వాగు గురించి.

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే మనిషిని. ఎమ్మెల్యేతో నా సంబంధం ఐదేళ్లకోసారి ఊరెళ్లి ఓటేసి, వేలి మీద సిరా చుక్కతో సెల్ఫీ పెట్టడం వరకే. సరే, తమ్ముణ్ని అడిగితే మా నియోజకవర్గం వాట్సాప్ గ్రూప్‌లో నన్ను యాడ్ చేయించాడు.

మీ ఊరి గ్రూప్ కూడా అలాగే ఉంటుంది కాబట్టి పెద్దగా వర్ణించక్కర్లేదు. పొద్దున ఆరింటికి శుభోదయం పోస్టర్. తర్వాత ఫలానా ఊళ్లో పరామర్శ, ఫలానా ఇంట్లో పెళ్లి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం. మధ్యాహ్నం కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కుల పంపిణీ. సాయంత్రం సీసీ రోడ్డుకి కొబ్బరికాయ. ప్రతి పోస్టు కింద దండం బొమ్మలు వందల్లో.

నేను వెటకారం చేయడం లేదు. ఆ మనిషి రోజుకి అన్ని ఊళ్లు ఎలా తిరుగుతున్నాడో నాకు నిజంగా అర్థం కాలేదు. నాకు రెండు మీటింగులు వరసగా ఉంటేనే తలనొప్పి వస్తుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఎమ్మెల్యే వచ్చి పక్కన కూర్చుంటే ఆ కుటుంబానికి అది చిన్న విషయం కాదు.

గ్రూప్‌లో వాగు వీడియో పెట్టి, చిన్నాయిన సంగతి రాశాను. దండం బొమ్మలు వచ్చాయి. రెండు రోజుల తర్వాత సార్ పీఏ ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"తమ్మీ, అది ఏ రోడ్డు? పీఆరా, ఆర్ అండ్ బీనా?"

నాకు తెలీదు. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది, పుట్టినప్పటి నుంచి ఆ రోడ్డు మీదే తిరిగాను. అది ఎవరిదో తెలీదు.

ఆఫీసులో బగ్ వస్తే మనం టికెట్ రాస్తాం. దాన్ని తప్పు టీమ్‌కి అసైన్ చేస్తే ఏమవుతుంది? వాళ్లు రెండు రోజులు చూసి "మాది కాదు" అని వెనక్కి పంపుతారు. బగ్ అలాగే ఉంటుంది, కస్టమర్ తిడుతూనే ఉంటాడు. మా ఊరు ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే. అన్ని టికెట్లూ ఒకే మనిషికి అసైన్ చేస్తున్నాం.

కాబట్టి ముందు రోడ్ల లెక్క తెలుసుకున్నాను. ఊరి లోపలి వీధులు గ్రామ పంచాయతీవి. ఊరికీ ఊరికీ మధ్య, ఊరి నుంచి మండలానికి వెళ్లే రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. జిల్లాలో పెద్ద రోడ్లు, రాష్ట్ర రహదారులు ఆర్ అండ్ బీవి. జాతీయ రహదారులు కేంద్రానివి. ఇంకో ముచ్చట, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాల జాబితా రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో ఉంది. అందులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు పేరు పెట్టి మరీ ఉన్నాయి.

మా వాగు రోడ్డు పంచాయతీరాజ్ వాళ్లదని తేలింది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. ఫీజు 10 రూపాయలు. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారు.

జవాబు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. అక్కడ హై లెవెల్ వంతెన కావాలని ఇంజనీర్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. ఎస్టిమేట్ వేశారు. పైకి పంపారు. అంతే. మంజూరు రాలేదు. మా వాగు సంగతి ఎవరికీ తెలియక ఆగలేదు. డబ్బు రాక ఆగింది.

అసలు విషయం ఇక్కడ మొదలైంది. ఆ డబ్బు ఎవరిస్తారు?

మా ఇంట్లో వాళ్ల సమాధానం "ఎమ్మెల్యే సారు తన ఫండ్ల నుంచి ఇస్తడు." ఆ ఫండ్ ఉన్న మాట నిజమే. తెలంగాణలో ఎమ్మెల్యేల నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో ఏడాదికి 3 కోట్ల నుంచి 5 కోట్లకు పెంచారు. కానీ మా నియోజకవర్గంలో ఊళ్లు ఎన్ని? వందకు పైనే. ఒక్క మా వంతెన ఎస్టిమేటే ఆ ఏడాది నిధిలో సగానికి పైగా తినేస్తుంది. మిగతా ఊళ్లు ఏం పాపం చేశాయి?

ఇప్పుడు ఇంకో నంబర్ చూడండి. 2025 మార్చి 19న తెలంగాణ అసెంబ్లీలో పెట్టిన 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. ఆ బడ్జెట్‌ను ఆమోదించేది ఎవరు? 119 మంది ఎమ్మెల్యేలున్న సభ. పద్దుల మీద చర్చ జరగాలి, ఓటింగ్ జరగాలి, ద్రవ్య వినిమయ బిల్లు పాసవ్వాలి. అప్పుడే ఖజానాలోంచి రూపాయి బయటికొస్తుంది.

అంటే మా ఎమ్మెల్యేకి 5 కోట్ల మీద సంతకం ఉంది, 3 లక్షల కోట్ల మీద గొంతు ఉంది. మేం ఎప్పుడూ ఆ సంతకం కోసమే క్యూ కట్టాం. గొంతు గురించి ఒక్కసారీ అడగలేదు.

సభలో ఎమ్మెల్యే ఏం చేయగలడో మనకి స్కూల్లో సివిక్స్‌లో చెప్పారు, మనం పది మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం. ప్రశ్నోత్తరాల సమయంలో ముందుగా నోటీసిచ్చి మంత్రిని అడగొచ్చు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి లేచి నిలబడి జవాబివ్వాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేని ప్రశ్నకి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. జీరో అవర్‌లో లేవనెత్తొచ్చు. పద్దుల చర్చలో "మా దగ్గర ఇన్ని లో లెవెల్ వంతెనలున్నాయి, ఈ ఏడాది ఎన్ని కడతారు" అని నిలదీయొచ్చు. సభలో మంత్రి "చేస్తాం" అంటే అది రికార్డులోకి ఎక్కుతుంది. ఆఫీసులో "ఫోన్లో చెప్పాను కదా" అనడానికీ, మెయిల్ పెట్టడానికీ ఉన్న తేడా అది.

దీని మీద నా రూమ్మేట్ ఒక డౌట్ అడిగాడు. "పార్టీ విప్ ఇస్తే అందరూ చెయ్యెత్తాల్సిందే కదరా, ఇంక ఒక్క ఎమ్మెల్యే గొంతు ఎవడికి కావాలి?" మంచి డౌటే. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ ధిక్కరించి ఓటేస్తే పదవే పోవచ్చు. కానీ విప్ కట్టేసేది ఓటుని. మా వాగు మీద వంతెన ఎందుకు మంజూరు కాలేదని అడిగితే ఆ చట్టం ఎవరి పదవీ తీసేయదు.

మరి అడగడానికి రోజులెన్ని? సభ రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకి మించి గ్యాప్ ఉండకూడదని రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుంది. ఎన్ని రోజులు కూర్చోవాలో మాత్రం చెప్పదు. పీఆర్‌ఎస్ అనే సంస్థ లెక్కల ప్రకారం ఈ మధ్య సంవత్సరాల్లో మన దేశంలో రాష్ట్రాల అసెంబ్లీలు సగటున ఏడాదికి 20 రోజులకి కాస్త అటూ ఇటూ కూర్చున్నాయి. ఏడాదికి 365 రోజులు స్టేటస్ వస్తుంది. అసలు పని జరిగే చోటు ఇరవై రోజులు తెరిచి ఉంటుంది.

తప్పంతా వాళ్లదే అని రాసేసి ఫోన్ పక్కన పెట్టొచ్చు. అది నిజం కాదు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి నిరాడంబరత గురించి మనం ఎన్ని పోస్టులు షేర్ చేసి ఉంటాం! నేనూ చేశాను. ఆయన సభలో ఏ ప్రశ్నలు అడిగారో ఒక్కసారైనా వెతికానా? లేదు. మంచి ఎమ్మెల్యే అన్నా మనకి బస్సులో ఎలా కూర్చున్నాడన్నదే గుర్తుంది.

దసరాకి ఊరెళ్లినప్పుడు మా ఊరి వాళ్లం ఆరుగురం సార్ క్యాంప్ ఆఫీసుకి వెళ్లాం. చిన్నాయిన కూడా వస్తానన్నాడు, మేం వద్దంటే వినలేదు. చేతిలో ఆర్టీఐ జవాబు, ఎస్టిమేట్ కాపీ. ఊళ్లో వాళ్లు శాలువా తెద్దామన్నారు, నేను వద్దన్నాను, అయినా తెచ్చారు.

మా వంతు వచ్చింది. "వంతెన కావాలె సార్" అని మొదలుపెట్టిన మా సర్పంచ్ పెదనాన్న నా వైపు చూశాడు. నేను చెప్పాను. "సార్, మీ ఫండ్‌లోంచి వద్దు. వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న సభలో అడగండి. మనదొక్కటే కాదు, నియోజకవర్గంలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అన్నీ కలిపి."

ఆయన కాగితాలు తీసుకుని రెండు నిమిషాలు చదివారు. తర్వాత నవ్వి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "పది దినాలు అసెంబ్లీల కూసుంటే ఎమ్మెల్యే కనిపిస్తలేడంటరు. ఒక్క పెండ్లికి రాకపోతే ఐదేండ్లు యాది పెట్టుకుంటరు. ప్రశ్న అడుగుమని వచ్చినోళ్లు మాత్రం మీరే."

నాకు సమాధానం తోచలేదు. ఎందుకంటే పోయినేడాది మా అక్క పెళ్లికి ఆయన రాలేదని మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటారు.

వంతెన వచ్చిందా అంటే, రాలేదు. ప్రశ్న ఇస్తానని మాటిచ్చారు. ఇచ్చేదాకా నెలకోసారి పీఏకి ఫోన్ చేసే డ్యూటీ తమ్ముడిది. ఇంతలో ప్రజావాణిలో ఇంకో అర్జీ పెట్టాం, కనీసం వానాకాలం నీళ్లొచ్చినప్పుడు డయాలసిస్ వాళ్లకి బండి ఏర్పాటు చేయమని. అది కలెక్టరేట్ టికెట్, కరెక్ట్ టీమ్‌కే వేశాం.

మీ ఊళ్లోనూ ఏదో ఒక వాగు ఉంటుంది. బస్సు రాని రోడ్డో, టీచర్ లేని బడో. ముందు అది ఎవరి టికెట్టో కనుక్కోండి. పది రూపాయలు పెట్టి ఎక్కడ ఆగిందో అడగండి. సభ జరిగే రోజుల్లో లైవ్ వస్తుంది, ఒక్కరోజు ప్రశ్నోత్తరాలు చూడండి, గంటే. మీ ఎమ్మెల్యే లేచి ఏమైనా అడిగితే ఆ క్లిప్ మీ ఊరి గ్రూప్‌లో పెట్టండి. పెళ్లి ఫొటోకి వచ్చినన్ని దండాలు దానికీ వస్తే, వాళ్లు రెండోసారి కూడా అడుగుతారు.

నిన్న చిన్నాయిన ఫోన్ చేశాడు. డయాలసిస్ అయిపోయి ఇంటికొచ్చాడట, ఆకాశం తెల్లగానే ఉందట. చివర్లో అడిగాడు.

"బిడ్డా, అసెంబ్లీ ఎన్నడు వెడ్తరు?"

65 ఏళ్ల జీవితంలో మా చిన్నాయిన ఆ ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి.