గుట్ట మనది, ట్రెక్కింగ్ వాళ్లదా?



ఆదివారం పొద్దున అనంతగిరి ఘాట్ రోడ్డు చూడుండ్రి. హైదరాబాద్ కార్లు లైను కట్టి ఉంటయి. కొందరు ట్రెక్కింగ్‌కు, కొందరు కోట్‌పల్లి ప్రాజెక్టుల కయాకింగ్‌కు. రానీ, తప్పేం లేదు. మన బాధ వేరే. అదే ఆదివారం వికారాబాద్, తాండూరు హాస్టళ్లల్ల మన తమ్ముళ్లు, చెల్లెళ్లు గేటు లోపలే ఉంటరు. మేమూ అట్లనే ఉన్నం. తండాల ఉన్నప్పుడు మేకల వెంట గుట్టంతా తిరిగినోళ్లం, హాస్టల్‌కు వచ్చినంక ఒక్కసారి కూడా గుట్ట ఎక్కలేదు. అడిగితే "పడితే ఎవరు జిమ్మేదార్?" అన్నరు.

ఇదంతా పైసలున్నోళ్ల సరదా అనుకుంటం గానీ, అది మొదలైన కథ వేరే. రెండో ప్రపంచ యుద్ధంల జర్మనీ జలాంతర్గాములు బ్రిటన్ ఓడలను ముంచుతున్నయి. లైఫ్‌బోట్ల మీద పడుచు నావికులు చనిపోతున్నరు, ముసలోళ్లు బతికి వస్తున్నరు. ఓడల కంపెనీ నడిపే లారెన్స్ హోల్ట్‌కు ఇది అంతుపట్టలే. బలం లేక కాదు, కష్టం ఎన్నడూ ఎదుర్కోక అని తేల్చిండు. నాజీలను ఎదిరించి జర్మనీ విడిచిన టీచర్ కర్ట్ హాన్‌తో కలిసి 1941ల వేల్స్‌లోని అబర్‌డోవీల ఒక బడి పెట్టిండు. పడవలు, కొండలు, దాదాపు నెల రోజుల శిక్షణ. అదే ఔట్‌వర్డ్ బౌండ్. 1946ల ట్రస్టు అయింది, తర్వాత ఎన్నో దేశాలకు పోయింది. అంటే ఓడల మీద పనికి పోయే పిలగాళ్ల ప్రాణం నిలబెట్టడానికి పుట్టిన చదువు ఇది.

మన దగ్గర కూడా ఒకసారి జరిగింది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుడు నేర్పిన్రు, డార్జిలింగ్, లద్దాఖ్ తీసుకపోయిన్రు. 2014 మే 25న మన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కిన్రు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలే. నేపాల్ దిక్కు నుంచి ఆ వయసుకు పర్మిషన్ లేక టిబెట్ దిక్కు నుంచి ఎక్కిన్రు.

తర్వాత మనమేం చేసినం? ఫ్లెక్సీలు కట్టినం. రికార్డు ఒక్కరిద్దరికే వస్తది. ఈత, తాడు ముడి, మ్యాపు చూసుడు మాత్రం ప్రతి పిల్లకూ కావాలె. తాండూరు నాపరాయి గనుల పాత గుంతలల్ల నీళ్లు నిండి ఉంటయి, ఎండాకాలం మన పోరగాళ్లు వాటిలోకే దిగుతరు. ఈత రాకుండ దిగితే ఏమైతదో మనకు వేరే చెప్పాల్నా?

అందుకే సర్కారు కోసం చూడకుండ మనమే మొదలుపెడదాం అంటున్నం. నౌకరీల ఉన్న అన్నలు, అక్కలు నెలకు ఇంత అని వేస్తే ఒక బస్సు, శిక్షణ తీసుకున్న ఒక కోచ్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా అయితయి. ఫారెస్టోళ్ల పర్మిషన్, అమ్మానాయిన సంతకం ముందే తీసుకోవాలె. అడవి చూపెట్టుడుకు తండా పెద్దమనుషులు ఉండనే ఉన్నరు, వాళ్లకు కూలి ఇయ్యాలె, ఊకెనే తిప్పుకోవద్దు. మొదటి బ్యాచ్ ఆడపిల్లలదే. మొదటి నడక అనంతగిరిల మూసీ పుట్టే కాడికి.

ఎవరెవరు వస్తరో, ఎంత ఇస్తరో కింద రాయుండ్రి. వాలంటీర్లుగ ఉండేటోళ్లు మీ మండలం పేరు కూడా పెట్టుండ్రి.