శాంపిల్ తీస్కపోయినోళ్లు రిపోర్టు తెచ్చి చదవాలె

   పోస్టు పొడుగుంది, ఆఖరిదాకా చదవండి.

మొన్న మా హాస్టల్ పిల్లలను ఒక అవగాహన సదస్సుకు తీస్కపోయిన్రు. మైకు పట్టుకున్న సారు "గిరిజనులకు సైన్స్ మీద నమ్మకం తక్కువ" అన్నరు. మేం చప్పట్లు కొట్టి వచ్చినం. రాత్రి రూములో కూసున్నంక సిగ్గనిపించింది. అక్కడ ఇయ్యాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నం.

ముందు మనం ఉంటున్న సంగారెడ్డి జిల్లా సంగతే చూడండి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నీళ్లతోని వాగులు, పొలాలు పాడైతున్నయని జనం మొత్తుకున్నరు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చేసిన్రు. దాదాపు 90 మందుల కంపెనీల మురుగునీళ్లను శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల్ల, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఒక్క రోజు నీళ్లల్ల దాదాపు 45 కిలోలని లెక్కగట్టిన్రు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్ల వాడేంత మందు అది! అప్పట్ల ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగ మంజీరకు పోయేటివి.

ఇట్ల మందు రోజూ తగులుతుంటే క్రిములు దాన్ని తట్టుకునుడు నేర్చుకుంటయి. రేపు జబ్బు చేస్తే గోలీ పనిచెయ్యదు. "యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వాడండి" అని మనకు పోస్టర్లు అతికిస్తరు. మరి వాగుకు ఎవరు చెప్తరు? ఆ పరిశోధన ఇంగ్లిష్‌ల అచ్చయింది. దాన్ని తెలుగుల చదివి వినిపించిన గ్రామసభ ఒక్కటి కూడా మేం వినలేదు.

ఇంకోటి, మన పిల్లలదే. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాల, భద్రాచలం దిక్కు, 10 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు ఏసిన్రు. అందుల ఆశ్రమ హాస్టళ్ల పిల్లలు మస్తుమంది. తర్వాత విచారణల 9,543 సమ్మతి పత్రాలు చూస్తే, 2,763 మీద వార్డెన్లే సంతకాలు పెట్టిన్రు, 1,948 మీద వేలిముద్రలున్నయి. 2010 ఏప్రిల్‌ల ఆ ప్రాజెక్టు ఆపిన్రు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తీరును గట్టిగ తప్పుపట్టింది. అమ్మానాయినలను అడగకుండ సూది ఏసి, మళ్లీ నమ్మకం లేదని మనల్నే అంటరా?

అయితే మనం కూడా ఒక మాట ఒప్పుకోవాలె. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతది. అప్పుడు చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణల తేలింది. తప్పు మందుల లేదు, మనుషులను లెక్కచెయ్యని తీరుల ఉంది. ఆ కోపంతోని "టీకాలు వద్దు" అని వాట్సాప్‌ల ఫార్వర్డ్ చేస్తే నష్టపోయేది మన చెల్లెండ్లే. వాగు నీళ్ల మీద జనం చెప్పింది నిజమని లెక్కతోని చూపెట్టింది కూడా సైన్సే కదా. సైన్స్ మనకు శత్రువు కాదు. మనకు చెప్పకుండ దాచుడే శత్రువు.

పటాన్‌చెరుల డాక్టర్ కిషన్‌రావు గారు రోగులను చూసుకుంటనే కాలుష్యం మీద ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు. జనం నడుమ ఉన్నరు కాబట్టే ఆయన మాట నమ్మిన్రు. నమ్మకం అట్ల వస్తది, సదస్సులతోని రాదు.

అందుకే మేం అడిగేది ఇదే. మన తండాల, గూడెంల నీళ్లు, రక్తం శాంపిల్ తీస్కపోయినోళ్లు ఫలితం తెచ్చి పంచాయతీ గోడకు తెలుగుల అంటియ్యాలె. గోర్ బోలిల, కోయల, గోండిల చదివి వినిపియ్యాలె. వార్డెన్ సంతకం తల్లిదండ్రుల సంతకం కాదు.

ఇగ మన పని. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటోళ్లం మేమే. మీలో చానామంది అంతే. ఆ రిపోర్టు చదివి యాడికి, బాపుకు అర్థమయ్యేటట్టు చెప్పగలిగేది మనమే. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు, మన బోరు నీళ్లు ఎప్పుడు పరీక్ష చేసిన్రు, ఫలితమేది అని పంచాయతీల అడగండి. ఏం చెప్పిన్రో ఇక్కడ రాయండి.

జోహార్.