‘చావగొట్టాడు’ అనే మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

‘రాత్రి తాగొచ్చి చావగొట్టాడమ్మా’ అని ఒకామె మన దగ్గరకొచ్చి చెబుతుంది. చావగొడితే ఎలా బతికున్నావని మనం అడగం. ఆ మాటకు అర్థమేమిటో నిఘంటువు చూడకుండానే మనకు తెలుసు. కోర్టులకు మాత్రం ఈ చిన్న విషయం తెలియడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది.

ఇంగ్లండులో ఒకామె 2012 డిసెంబరులో, తన మాజీ భర్తతో అప్పుడు కలిసి ఉంటున్న స్త్రీకి ఫేస్‌బుక్‌లో ‘అతను నా గొంతు పిసకబోయాడు’ అని రాసింది. అతను పరువు నష్టం దావా వేశాడు. ఆ సంఘటన 2003 నాటిది. అది జరిగిన రెండు గంటల తర్వాత కూడా ఆమె మెడమీద ఎర్రటి గుర్తుల్ని పోలీసులు చూశారు.

2016లో హైకోర్టు జడ్జి మిట్టింగ్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరిచారు. ఆ క్రియకు రెండు అర్థాలు కనిపించాయి: గొంతు నొక్కి చంపడం, నొప్పి పుట్టేలా గొంతు నొక్కడం. రెండోది అతను చేసేశాడు కనుక దానికి ‘ప్రయత్నించాడు’ అనడం కుదరదు, కాబట్టి ఆమె మాటకు ‘చంపబోయాడు’ అనే అర్థమే మిగులుతుందన్నారు. అతను నోరు మూయించడానికే చెయ్యి వేశాడు, చంపడానికి కాదు కనుక ఆమె నిందను రుజువు చేసుకోలేకపోయిందన్నారు. అతను చేసిన హింసే ఆమెకు వ్యతిరేక సాక్ష్యమైంది!

2018లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. మాటల అర్థాన్ని కింది జడ్జి నిర్ణయించాక పై కోర్టులు దాని జోలికి సులభంగా పోవు. సామాన్య పాఠకుడికి చదవగానే ఏమనిపిస్తుందన్నదే అక్కడ ప్రమాణం. ప్రతి అప్పీలులోనూ దాన్ని తిరగదోడితే వ్యాజ్యానికి అంతుండదు. డబ్బున్నవాడే గెలుస్తాడు. ఈ సంయమనం అవసరమే. అయితే దానివల్ల మొదటి జడ్జి ఊహించుకున్న సామాన్య పాఠకుడే చివరిదాకా నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఆ పాఠకుడి గొంతుమీద ఎప్పుడైనా ఎవరి చెయ్యైనా పడిందా?

2019 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆమెను గెలిపించింది. ఫేస్‌బుక్‌లో మాటలు ముచ్చట్లలాంటివనీ, చదివేవాళ్ళు వాటిని పదం పదం విడగొట్టి చూడరనీ లార్డ్ కెర్ రాశారు. నిఘంటువు మీద ఆధారపడి అర్థం తేల్చడం చట్టరీత్యా పొరపాటు కనుకనే పై కోర్టు జోక్యం చేసుకోగలిగింది. అతను గొంతు పట్టుకుని బలం ప్రయోగించాడన్నదే ఆ మాటకు అర్థమని తేల్చింది.

కాబట్టి పై కోర్టులు జడ్జి తేల్చిన అర్థం జోలికి నెమ్మదిగానే పోవచ్చు గాని, ఆ అర్థాన్ని ఏ దారిన తేల్చారో మాత్రం నిక్కచ్చిగా చూడాలి.

మన దేశంలో పరువు నష్టం నేరం కూడా. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద రెండేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. చర్య తీసుకునే అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసే ఫిర్యాదుకు మినహాయింపు ఉంది. కరపత్రానికి ఆ రక్షణ ఉంటుందనుకోకూడదు. అందుకే మనం ఆమె మాటను ఆమె మాటగానే రాద్దాం. పక్కనే ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఎవరు చూశారో కూడా రాద్దాం. కేసంటూ వస్తే ఆ మాటకు అర్థం మీద వాదన మొదటి కోర్టులోనే గట్టిగా వినిపించాలి. పై కోర్టులో చూసుకుందాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.