గంగజాతరలో అరిచేవాడు, పెళ్లిపంక్తిలో వణికేవాడు

తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో తిరుపతి వీధుల్లో బూతుమాటకు తప్పు లేదు. బైరాగి వేషానికి నామసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకొని, వేపమండలు పట్టుకొని ఎదురొచ్చిన వాళ్లనల్లా తిట్టడమే మొక్కు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఏడాదంతా నోరు మెదపని కుర్రాళ్లు కొందరు ఆ రోజు గొంతు చించుకుంటారు. అమ్మ పూనింది అంటారు చూసినవాళ్లు. నాకు మాత్రం వేరే కారణం కనిపిస్తుంది: ఆ రోజు వాళ్లను ఎవరూ తూకం వేయరు. ముఖం రంగు కింద ఉంది, ఏం మాట్లాడినా చెల్లుతుంది.

రంగు కడిగేశాక అలాంటి కుర్రాడొకణ్ణి పెళ్లిభోజనంలో కూర్చోబెట్టి చూడండి. ఎదుటి వరుసలోవాళ్లు తన చేతినే చూస్తున్నారనుకుంటాడు. ముద్ద కలిపిన వేళ్లు వణుకుతాయి. వణుకు కనిపిస్తుందేమోనని ఇంకా వణుకుతాయి. ఆకలి లేదని సగంలో ఆకు మడిచి లేచిపోతాడు. బ్యాంకులో అందరి ముందూ సంతకం పెట్టలేక ఫారం ఇంటికి తెచ్చుకుంటాడు.

ఇంట్లోవాళ్లకు మాత్రం వాడిలో భయం కనిపించదు. గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు. ఎండుమిరపకాయలు దిగదుడుస్తారు, మొలకు తాయెత్తు కడతారు. అదీ కుదరకపోతే శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ. ఒక్కమాట అడుగుతాను: దోషం గ్రహాలదైతే వాడొక్కడే గదిలో ఉన్నప్పుడు చెయ్యి ఎందుకు వణకదు? నలుగురి కళ్లు పడినప్పుడే రాహువుకు బలమొస్తుందా?

నలుగురి ముందు కలిగే ఈ భయాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. అమెరికా మానసిక వైద్యులు 1980లో సోషల్ ఫోబియా పేరుతో తమ రోగనిర్ణయ గ్రంథంలో చేర్చారు. కొత్తవాళ్ల ముందు మొహమాటం అందరికీ ఉంటుంది, అది జబ్బు కాదు. నలుగురూ తప్పుపడతారన్న భయం ఆరు నెలలకు పైగా వదలక, చదువుకూ ఉద్యోగానికీ అడ్డుపడితే అప్పుడు జబ్బు. ఎక్కువమందిలో ఇది పదేళ్లు దాటాక, బడి వయసులోనే మొదలవుతుంది.

మరి తాయెత్తుతో కొందరికి తగ్గిందంటారే! భయం పెరుగుతుంది, తరుగుతుంది. బాగా ముదిరినప్పుడే తాయెత్తు కడతాం కాబట్టి ఆ తర్వాత తగ్గుదల కనిపించడం వింత కాదు. మళ్లీ పెరిగితే మీ నమ్మకం చాల్లేదంటాడు మంత్రగాడు. గెలుపు తాయెత్తుది, ఓటమి రోగిది! ఇంతకన్నా పెద్ద నష్టం, అమావాస్య దాటేదాకా బయటికి పంపొద్దన్న సలహా. తప్పించుకున్న ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయే భయాన్ని పెంచి పోషిస్తుంది. వైద్యం దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో భయపడే పనినే చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి చేయిస్తారు. అవసరమైతే సెర్ట్రాలిన్ లాంటి మాత్రలు ఇస్తారు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. మగపిల్లవాడు మాట్లాడకపోతే దోషం, ఆడపిల్ల మాట్లాడకపోతే అణకువ. పెళ్లిచూపుల్లో తల ఎత్తలేక చెమటలు పట్టిన పిల్లను చూసి ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోతారు. జబ్బుకు మార్కులు వేసే ఆచారం ఉన్నచోట ఆ పిల్లను వైద్యుడి దగ్గరికి ఎవరు తీసుకుపోతారు? నన్నడిగితే తాయెత్తు కన్నా ఈ మెచ్చుకోలే ఎక్కువ హాని చేస్తోంది.

జాతరకు పోవద్దనడం లేదు, వేషం వేస్తే వేయండి. కానీ కాళహస్తి పూజ టికెట్టుకు పెట్టే ఖర్చు కన్నా తక్కువతోనే తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోనులో మాట్లాడటానికే భయపడేవాడికి ఫోను నంబరేమిటని నవ్వకండి. వాడి బదులు మీరు చేయండి.