మడనేల బంజరు కాదు

గత మాఘమాసమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులను కాకినాడ చెంతనున్న కోరంగి మడయడవికి తీసికొనిపోయితిని. చొల్లంగి దాటిన పిమ్మట ఆ యడవిలోనికి కొయ్యపలకలతో వేసిన నడకబాట యొకటి కలదు. పాటు వేళ యగుటచే కాలువలలో నీరు దిగి, ఇరుప్రక్కల నల్లని బురద బయటపడి యుండెను. ఆ బురదలోనుండి మడచెట్ల యూపిరివేళ్లు వేలకొలది పెన్సిళ్లవలె నిక్కి నిలిచి యుండెను. పిల్లలు ఆకులపై పేరిన తెల్లని పొడిని వ్రేలితో తుడిచి నాలుకకు రాచుకొని, ఉప్పదనమునకు మొగములు చిట్లించుచు నవ్వుకొనుచుండిరి. నేను బావురుపిల్లిని గూర్చి చెప్పుచుంటిని. మన యింటిపిల్లికి రెండింతలుండు నా జంతువు నీటిలో నీదుననియు, పంజాతో చేపను పట్టుననియు, 2018లో అటవీశాఖవారు లెక్కింపగా ఈ యడవిలో నూటికి పైగా నున్నట్లు తేలెననియు చెప్పుచుండగా, వెనుకనుండి యొక బాలుడు చేయి యెత్తెను.

"మాస్టారూ, పిల్లి బతకడానికి ఇంత అడవి కావాలంటున్నారు. మరి మా ఇంటికి సెంటు స్థలం కూడా వద్దా?"

వాని కుటుంబము అద్దెయింట నున్నది. తండ్రి రేవులో కూలి. తల్లి రొయ్యల కంపెనీలో తలలు తీయు పనికి పోవును. నలుగురికి ఒకటే గది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. తరగతిలో చెప్పలేకపోయిన దానిని వ్రాతలోనైన చెప్పవలయునని ఈ సంచికలో నాలుగు పుటలు అడిగి పుచ్చుకొంటిని.

ఈ ప్రశ్న వానికి ఊరక పుట్టినది కాదు. 2020వ సంవత్సరమున కాకినాడ పట్టణపు అంచున, దుమ్ములపేట ప్రాంతమున, బీదలకు ఇండ్లస్థలము లిచ్చుటకై మడచెట్లున్న నేలను ఎన్నుకొనిరి. చెట్లను పడగొట్టి, లారీలతో గ్రావెలు తోలి, పల్లమును మెరక చేయ మొదలిడిరి. కొందఱు అభ్యంతరము చెప్పిరి. వివాదము జాతీయ హరిత న్యాయస్థానము దాక పోయినది. నాటినుండి ఊరిమాట రెండు పాయలైనది. ఒకరు 'బీదవాని యింటికంటె చెట్టు ఎక్కువా' యందురు. వేఱొకరు 'అడవిని నఱికి ఊరు కట్టుదురా' యని కోపింతురు. తీర్పరులు మంచి తీర్పే చెప్పవచ్చును గాని, యేబది యేండ్ల మడచెట్టును ఏ తీర్పును మరునాటికి నిలువబెట్టజాలదు. కావున వివాద మంతయు ఎక్కడ మొదలైనదో అచ్చటికే పోయి చూడవలసియున్నది.

నా యెఱుకలో అది నేలకు పెట్టిన పేరుతో మొదలైనది. మడనేలను మనము ఏమని పిలుచుచున్నామో ఆలకింపుడు: బంజరు, ఉప్పుపఱ్ఱ, చిత్తడి, పనికిమాలిన పల్లము. వరి పండదు, కొబ్బరి నిలువదు. కాబట్టి అది యెవరికిని అక్కఱలేని నేల యని కోనసీమ రైతు మొదలు కచేరీ గుమాస్తా వఱకు నమ్మిరి. మా తాతగారు సైతము ఆ మాటయే యనుచుండెడివారు. ఆ పేరు పెట్టిన పిమ్మట పొక్లెయిను రాక కెంతో కాలము పట్టదు.

ఆ పనికిమాలిన పల్లమున ఏమున్నదో కొంచెము చూతము. గౌతమి సముద్రమున గలియుచోట, 1978లో 235.70 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును కోరంగి వన్యప్రాణి శరణాలయముగా ప్రకటించిరి. నల్లమడ, తెల్లమడ, పాలు కంటబడిన చూపు చెఱచునని మన జాలరులు భయపడు తిల్ల మొదలగు చెట్లచ్చట కలవు. నీటికుక్కలు మందలుగా తిరుగును. శీతకాలమున దూరదేశములనుండి వచ్చిన కొంగజాతులును, ఉల్లంకులును బురదతిప్పలపై వాలును. ఎదుట సముద్రములో హోప్ ఐలాండు ఇసుకదిబ్బపై తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. ఇవన్నియు చూడ ముచ్చటయైనవే. కాని మా బాలునికి చెప్పవలసిన సంగతి యిది కాదు. వేళ్ల నడుమ నున్నది. రొయ్యపిల్లలు, పీతపిల్లలు, అనేక సముద్రపు చేపల పిల్లలు పెద్దచేపల నోటబడక పెరుగునది ఆ వేళ్ల సందులలోనే. రాలిన మడయాకు కుళ్లి వానికి ఆహారమగుచున్నది. పెరిగిన పిమ్మట అవి కడలిలోనికి పోవును, వల పడును, బజారునకు వచ్చును. మండపీత నమ్ముకొని పిల్లలకు ఫీజు కట్టిన తల్లులు మన పాఠశాలలోనే కలరు. వారికి ఈ పల్లము బంజరు కాదని వేఱుగ జెప్ప నక్కఱలేదు. వారిని అడిగినవారే లేరు.

ఇక గాలివాన మాట. కోరంగి యను పేరు ప్రపంచ మెఱిగినది ఒక తుపానువలన. 1789 డిసెంబరులో సముద్రము మూడు పెద్ద కెరటములుగా ఆ రేవుపై బడినది. ఆ వృత్తాంతమును పరిశీలించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్‌టన్ ఇట్టి సుడిగాలులకు 'సైక్లోన్' అను పేరు పెట్టి, 1848లో నావికులకై తాను ప్రచురించిన గ్రంథమున వాడెను. నేడు లోకమంతయు పలుకు నా మాటకు మన యేటిమొగ కారణమని పిల్లలకు చెప్పినచో గర్వపడుదురు. అంత గర్వపడదగిన విషయమైతే కాదు. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చి ఆ రేవును పాడుచేసెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై బడిన తుపాను మన పెద్దలందఱకు జ్ఞాపకమే. వేయిమందికి పైగా మరణించిరి. మడచెట్లుండిన ఇవేవియు రాకుండునని నేననను. తాటియెత్తు కెరటమును ఏ చెట్టును ఆపదు. కాని 1999లో ఒడిశాలో మహాతుపాను వచ్చినప్పుడు కేంద్రాపడ జిల్లా గ్రామములలో జరిగిన నష్టమును పరిశీలించి శాస్త్రజ్ఞులు 2009లో ఒక వ్యాసము ప్రకటించిరి. సముద్రమునకును తమకును నడుమ మడ వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా జరిగినట్లు వారు చూపిరి. మడను కొట్టి మెరక చేసిన స్థలమున బీదవానికి ఇల్లిచ్చుట యనగా, గోడను పడగొట్టి, ఆ గోడయున్న చోటనే వానిని పరుండబెట్టుట.

చెట్టును నఱుకుట యొకటే నాశనమని అందఱు తలంతురు. గొడ్డలి తాకకయే చచ్చిన మడయడవులు పెక్కు కలవు. మడచెట్టుకు ప్రాణము పోటుపాటులు. రోడ్డునకో చెఱువునకో గట్టు వేసి, కాలువ మొగను మూసితిమా, లోపల చిక్కిన నీరు ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొని, చెట్లు నిలువున మాడిపోవును. గట్టు వేసినవాడు 'నేనొక్క కొమ్మనైన విఱువలేదు' అని ప్రమాణము చేయవచ్చును. అది నిజమే యగును. దీనికి విరుగుడును మన యేటిమొగలోనే కనుగొనిరి. గత శతాబ్దపు చివరి యేండ్లలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అటవీశాఖతోను గ్రామస్థులతోను గలిసి, మాడిన మడనేలలలో ఒక పెద్ద కాలువయు, దానికి ఇరువైపుల చేపముల్లువలె పిల్లకాలువలును త్రవ్వించిరి. పోటునీరు మరల లోనికి వచ్చినది. నాటిన మొక్కలు నిలిచినవి. ఈ పనిలో పార పట్టినవారు ఆ గ్రామముల బీదలే యని గుర్తుంచుకొనవలయును. కట్టడము చేయువా రీ యొక్క సంగతి నెఱిగి, రోడ్డు క్రింద తగినన్ని తూములు పెట్టి పోటునీటిని పోనిచ్చిన, సగము అనర్థము తప్పును. తూముల ఖర్చు పిదప పెట్టు వ్యాజ్యపు ఖర్చుకంటె మించదు.

నేను కట్టడములకు విరోధిని కాను. ఆ మాట అనుటకు గోదావరి డెల్టాలో ఎవనికి నోరు వచ్చును? 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట లేనిచో మన పళ్లెములో అన్నము లేదు. కాటన్ దొర విగ్రహమునకు దండ వేయని ఊరు మన ప్రాంతమున అరుదు. అయినను ఆ యానకట్ట కట్టునాడు పొలమును గూర్చి ఆలోచించినంతగా చేపను గూర్చి ఆలోచింపలేదు. వర్షకాలమున సముద్రమునుండి ఎఱ్ఱనీటికి ఎదురీదుచు గ్రుడ్లు పెట్ట వచ్చు పులసకు నది కడ్డముగా రాతిగోడ తగిలినది. నూటయేబది యేండ్లకు పైబడిన పిమ్మట, అదే నదిపై పోలవరమున కట్టు స్పిల్‌వేలో, చేపలు ఎగువకు పోవుటకు ప్రత్యేకముగా నొక దారి నిర్మించిరి. పోలవరమువలన మునుగు అడవి మాట, లేచిపోయిన ఊళ్ల మాట వేఱు; వానిని ఇప్పుడు ఎత్తుకొన్న ఈ వ్యాసము తెమలదు. కాని కట్టకముందే చేపను తలచుకొని పటమున ఒక గీత గీసిరిగదా, ఆ గీతయే నేను కోరునది. పుస్తెలమ్మియైన పులస తినవలయునని సామెత గల దేశమున పులసకు దారి దొరకుట వింత కాదు. బావురుపిల్లిని ఎవరును పులుసు పెట్టుకొనరు. దాని చిక్కంతయు అదియే.

చట్టము లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము బావురుపిల్లిని మొదటి పట్టికలో నుంచినది. 1991లో భారత ప్రభుత్వము వెలువరించిన తీరప్రాంతపు ప్రకటన మడయడవులను అన్నిటికంటె ఎక్కువగా కాపాడవలసిన మొదటి తరగతిలో చేర్చినది. లోపమెల్ల, నేలను ఎన్నుకొనువారు పటమును మేజాపై పఱచుకొని ఎన్నుకొనుట. పటమున పోటు కనబడదు. ఎండకాలపు పగటిపూట, పాటు వేళ జీపు దిగి చూచినవానికి అది బీటలువాఱిన బురదగానే తోచును. అదే చోట శ్రావణ పూర్ణిమనాడు మోకాలిలోతు నీరు నిలుచును. ఒక్క యేడాదిపాటు, పౌర్ణమికిని అమావాస్యకును, వానలోను ఎండలోను, ఆ పేట జాలరులను వెంటబెట్టుకొని నేలను నడిచి చూచి, ఏ కాలువ ఎటు పాఱునో, ఏ జంతువు ఎక్కడ పిల్లలు పెట్టునో వ్రాసికొన్న పిమ్మటనే అధికారి సంతకము చేయవలయునని నా మనవి. ఒక్క యేడు ఆలస్యమగునందురు. వ్యాజ్యములో పోయిన యేండ్ల లెక్క ఆ బాలుని తండ్రి నడిగిన చెప్పును.

ఇప్పుడు ఆ బాలుని మాటకు వత్తును. అడవిని ప్రేమించువారు పలువురు ఇచ్చట తప్పటడుగు వేయుదురు. 'ఊరికి పది మైళ్ల దూరమున మెట్టనేల ఇచ్చిన చాలదా' యందురు. చాలదు. రేవులో తెల్లవాఱుజామున పని మొదలిడు కూలికి పది మైళ్లవతల ఇల్లిచ్చుట అన్యాయమే. దినకూలిలో బస్సు ఛార్జీ పోగా మిగులునదెంత? స్త్రీలు చీకటిలో తిరిగి రావలయును. బావురుపిల్లికి ఆశ్రయము కావలయునని చెప్పుచు, దాని మూల్యమంతయు ఊరిలోకెల్ల బీదవానిచేత కట్టించుట నా మనస్సునకు సమ్మతము కాదు. పట్టణము నడుమ పాడుబడిన గిడ్డంగులు, ఏండ్ల తరబడి గోడలు కట్టి తాళము వేసిన ఖాళీస్థలములు ఎన్ని లేవు? వానికి వెల యెక్కువ, యజమానులకు పలుకుబడి యెక్కువ. మడకు రెండును లేవు కాబట్టి మడమీదికి పోయితిమి. ఊరిలోపలి మెరకనేలను వెలయిచ్చి కొని, రెండు మూడంతస్తులు కట్టి యిచ్చుటకు సొమ్ము చాల వలయును. ఆ సొమ్ము ఊరంతయు పన్నురూపమున పంచుకొన్నప్పుడే మనకు నిజముగా అడవియు బీదవాడును ఇద్దఱును కావలయునని తెలియును. నేనును ఇంటిపన్ను కట్టువాడనే, పెంచిన గొణుగుదును. అయినను చెప్పక తప్పదు.

ఈ సంగతులను తరగతిలో మరల చెప్పితిని. బాలుడు విని, ఒప్పుకొన్నట్లును కనబడలేదు, కాదన్నట్లును కనబడలేదు. "మా వీధిలోకి కూడా పోటునీళ్లు వస్తాయి మాస్టారూ, ఎంతదాకా వస్తాయో ఎవరూ రాసుకోరు" అనెను. ఆ మాట పట్టుకొని ఈ సంవత్సరము ఒక పని మొదలిడితిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు తమ తమ వీధులలో నొక్కొక గోడపై పౌర్ణమికిని అమావాస్యకును నీరెంతవఱకు వచ్చినదో సుద్దతో గీత గీసి, తేదీ వేసి, పుస్తకమున నెక్కించుచున్నారు. ఇప్పటికి పదునొకండు గీతలు పడినవి. పుస్తకము వ్రాయుపని ఆ బాలునికే ఒప్పగించితిని. తలిదండ్రులలో పడవపని తెలిసినవారు వచ్చి, కాలువల పాతపేర్లును, మూసిన మొగల జాడలును చెప్పిన, అవికూడ అందులో వ్రాసికొందుము. శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు నేను తరగతిగదిలోనే యుందును.