బీపీ మాత్ర మానేసే ముందు ఒక్క మాట

గత ఏడాది పన్ను తీయించుకుందామని డెంటిస్టు దగ్గరికి వెళ్లాను. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూశారు. 186/112. పది నిమిషాలాగి మళ్లీ చూసినా పెద్ద తేడా లేదు. 'ఈ రోజు పన్ను తియ్యను, ముందు మీ డాక్టర్‌ను కలవండి' అని పంపేశారు. అప్పటికి నేను బీపీ మాత్ర మానేసి మూడు నెలలు. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. మాత్ర లేకుండానే హాయిగా ఉన్నానని పది మందికీ చెప్పుకుంటున్నాను కూడా!

ఎందుకు మానేశానంటే, ఇక్కడ అమెరికాలో మన పాట్‌లక్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే మాటలే. 'మొదలుపెడితే జీవితాంతం మింగాలి', 'కిడ్నీలు పోతాయి'. నిజానికి అదుపులో లేని బీపీయే కిడ్నీలను దెబ్బతీస్తుంది. మాత్ర బదులు వెల్లుల్లి క్యాప్సూల్స్, బీట్‌రూట్ పొడి, ఒక హెర్బల్ టీ పట్టాను. డాక్టర్ ఆ టీ డబ్బా వెనక రాసింది చదివి ఒక పేరు దగ్గర ఆగారు. అతిమధురం. అది ఎక్కువగా వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుందట. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

ప్రకృతి వైద్యాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మన సర్పగంధ బీపీని తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాస్తే ప్రపంచం విన్నది. 1952లో ఆ వేరు నుంచే రిసెర్పిన్ అనే మందును వేరు చేశారు. మొక్కలో గుణముంటే వైద్యం కాదనదు. కాకపోతే ఎంత మోతాదు, ఎవరికి, ఏ దుష్ఫలితం అని కొలిచి చూస్తుంది. సీసాలో అమ్మే సప్లిమెంట్లకు ఆ కొలత ఏది? అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం అమ్మకానికి ముందు వాటికి ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో తేలింది.

అలవాట్లు మార్చుకుంటే బీపీ తగ్గదా? తప్పకుండా తగ్గుతుంది. పళ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలు పెరుగుతో కూడిన 'డాష్' ఆహారం బీపీ ఉన్నవాళ్లలో పై అంకెను 11 దాకా తగ్గించిందని 1997లోనే రుజువైంది. కిలో బరువు తగ్గితే సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఫ్రోజెన్ పరోటా ఉన్న మన భోజనంలో అది ఒక్క పూటకే చెల్లిపోతుంది. సైంధవ లవణమైనా అందులో ఉండేది ప్రధానంగా ఉప్పే. అయితే లెక్క వేసుకోండి. 135 ఉన్నవాళ్లకు ఈ మార్పులే సరిపోవచ్చు. 186 ఉన్న నాకు సరిపోవు.

నా భయం ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చే మన అమ్మానాన్నల గురించి. ఆరు నెలలకు తెచ్చుకున్న మాత్రలు అయిపోవస్తుంటే రోజు విడిచి రోజు వేసుకుంటారు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకు సాధారణంగా వర్తించదని తెలిసి, పిల్లలకు ఖర్చెందుకని నోరు విప్పరు. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం. టెల్మిసార్టాన్, లోసార్టాన్ వాడేవాళ్లు పొటాషియం కలిపిన 'తక్కువ సోడియం' ఉప్పును డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. ఈ రాత్రే వాళ్ల మాత్రల డబ్బా తెరిచి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

ఇంట్లో చేతికి కట్టుకునే బీపీ మిషన్ ఒకటి కొనండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఆ అంకెలు రాసుకుని వెళ్లి 'మాత్ర తగ్గించగలమా' అని డాక్టర్‌నే అడగండి. అడగడంలో తప్పులేదు. చెప్పకుండా మానెయ్యడమే తప్పు.

డాక్టర్ నాకు రెండు మాత్రలు రాశారు. పది నెలల నడక, ఎనిమిది కిలోల బరువు, సగానికి సగం తగ్గిన పచ్చడి తర్వాత ఆవిడే ఒకటి తీసేశారు. రెండోది ఉంది. ఉండనివ్వండి. పన్ను మాత్రం తీయించుకున్నాను.